తరగతిలో తెర: ఒక వ్యాసముపై విమర్శ

ఇటీవల మా ప్రాంతపు ఉపాధ్యాయులు కూడిన యొక సభయందు, క్రొత్తగా నుద్యోగమున జేరిన సామాన్యశాస్త్రోపాధ్యాయిని యొకరు, తరగతిలో యంత్రసాధనముల వాడుకను గుఱించి వ్యాసము చదివిరి. వ్యాసము చక్కనిది. భాష నిరాడంబరము. తాను చేసి చూచిన దానినే చెప్పిరి గాని యితరుల మాటలను మోసికొని రాలేదు. అట్టి వ్యాసమునకు చప్పట్లు కొట్టి యూరకుండుట దానిని గౌరవించుట కాదు. కావున నాకు తోచినది చదువరుల ముందుంచుచున్నాను. బిడ్డలను బడికి పంపు గృహస్థులకును దీనితో పని యున్నది.

గోడకు బిగించిన ప్యానెలుపై హృదయము కొట్టుకొనుట చూపగా, కవాటములు తెఱచుకొనుటయు మూసికొనుటయు పిల్లలు కన్నులార చూచిరనియు, పుస్తకములోని పటముతో నెన్నాళ్లకు కలుగని బోధ నిమిషములో కలిగెననియు వ్యాసకర్త్రి చెప్పిరి. దీనిని మాఱుమాట లేక యంగీకరింతును. నేను బాల్యమున హృదయపు గదుల పేరులు వల్లించితినే కాని, రక్తము వెనుకకేల మరలదో చాల యేండ్ల వఱకు ఎఱుగను.

కాని తెర వెలుగగానే తరగతి నిశ్శబ్దమగునని యామె సంతసించిరి. అచ్చటనే నాకు సందేహము.

నేను తెలుగు చెప్పువాడను. ఛందస్సు వీడియోలో అక్షరములు వరుసగా వచ్చును. వానిపై గురులఘు చిహ్నములు తమంత తామే వెలుగును. గణముల పేరులు రంగులతో కానవచ్చును. పిల్లలు కదలక చూతురు. ఒకనాడు నేనును అట్టి వీడియో చూపి, తరగతి యంతయు గ్రహించినదని తృప్తిపడి, మఱునాడు 'సత్యము' అను పదము ఏ గణమో వ్రాయుమంటిని. సగముకంటె నెక్కువమంది జగణమని వ్రాసిరి. సంయుక్తాక్షరము కంటికి బరువుగా కనబడును గావున 'త్య' మీదనే గురుచిహ్నము పెట్టిరి. దాని ముందున్న 'స' గురువగునని వారికి తెలియలేదు, అది భగణము. అప్పుడు పదమును బిగ్గఱగా పలుకుమని, ఊనిక యెచ్చట పడుచున్నదో బల్లపై చఱచి చూపుమంటిని. మూడవమాఱు వెనుక బెంచీ పిల్లవాడొకడు "స మీదండీ!" యని కేకవేసెను.

ఆ తప్పు మొదటినాడును వారిలో నున్నది. నాకు కానరాలేదు, అంతే. వీడియో తప్పు చేయదు. తప్పు చేయుటకు పిల్లవానికి తావును ఇయ్యదు. ఉపాధ్యాయునకు చదువవలసిన పుస్తకము పిల్లవాని తప్పు. నిశ్శబ్దమైన తరగతిలో నా పుస్తకము మూసియుండును.

న్యాయముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. నల్లబల్లపై గురులఘువులు నేనే గుర్తించి, పిల్లలచేత దానిని ఎత్తి వ్రాయించిన దినములు తక్కువ కావు. అప్పుడును ఫలితమిదియే. మఱియు ఆ ప్యానెలుపై వ్రేలితో వ్రాయవచ్చును, చెఱపవచ్చును. పిల్లవానిని పిలిచి చిహ్నములు పెట్టించవచ్చును. మాలో చాలమందిమి దానిని సినిమాతెరగానే వాడుచున్నాము. వ్యాసకర్త్రి యీ రెండు వాడుకలకు గల భేదమును విచారింపలేదు. అది వ్యాసమునందలి పెద్ద లోపమని నా యభిప్రాయము.

సభలో నొక పెద్దలు, మన కాలమున నివియన్నియు లేకయే చదువుకొనలేదా యని నవ్విరి. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇసుకయు నొక సాధనమే. 1789లో చెన్నపట్టణపు అనాథబాలుర శరణాలయము బాధ్యత వహించిన ఆండ్రూ బెల్, దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టి, 1797లో లండనున పుస్తకముగా ప్రకటించెను. ఇసుకలో తప్పు క్షణములో చెఱగును గావున పిల్లవాడు వెఱవక వ్రాయును. ఇక సాధనమును మితిమీఱి నమ్మినవారును లేకపోలేదు. చలనచిత్రముల వలన పదియేండ్లలో బడుల తీరే మాఱుననియు, పుస్తకములతో పని యుండదనియు ఎడిసను 1913లో చెప్పెను. నూఱేండ్లు దాటినను పుస్తకము పిల్లల సంచిలోనే యున్నది.

యంత్రము నిష్పక్షపాతి యని వ్యాసమునం దొక మాట యున్నది. 2020లో బడులు మూతపడినపుడు ఆమె శిక్షణ పొందుచున్న విద్యార్థిని. తన చదువాగకుండ కాపాడినది ఫోనే యని కృతజ్ఞతతో చెప్పిరి. ఆ కృతజ్ఞత న్యాయమైనదే. నే నెఱిగినది వేఱు. మా బడిలో తొమ్మిదవ తరగతి బాలిక యింట ఒక్కటే ఫోను. పగలది తండ్రితో పనికి పోవును. సాయంకాలము తమ్మునికి ముందు. వాని పాఠములు, వాని యాటలు ముగిసి ఆమె చేతికి వచ్చునప్పటికి తల్లికి వంటలో సాయము కావలసి వచ్చును. బడి తెఱచిన పిదప ఆమె లెక్కలలో నెంత వెనుకబడెనో చూచి నేను సిగ్గుపడితిని; ఆ నెలలలో నొకమాఱైన వారి యింటికి పోయి యుండవలసినది. యంత్రము నిష్పక్షపాతియే కావచ్చును. దానిని పంచు నింటివారు కారు.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచినపుడు, అందు నాకు మిక్కిలి నచ్చినది పాఠముల సంగతి కాదు. ఆడపిల్ల చేతికి తనదను వస్తు వొకటి వచ్చుట. అది రాత్రివేళ నెవరి చేతిలో నున్నదో చూచువారు మాత్రము ఉపాధ్యాయులు కారు, తలిదండ్రులు.

వ్యాసకర్త్రి దీనిని మరల వ్రాయ దలచినచో నా కోరిక యొక్కటి. హృదయపు పాఠము ముగిసిన మఱునాడు పిల్లలచేత తెర లేకయే కవాటములను గీయించి, వారేమి తప్పుగా గీసిరో, ఎవరేమి యడిగిరో, ఆడపిల్లలలో నెందఱు నోరు విప్పిరో వ్రాసి యందు చేర్చవలయును. ఆ పుటలకొఱకు నేను వేచియుందును.