ఉప్పు – ఇనుము చర్చలో కన్ఫ్యూషియన్ ధర్మం

చైనా రాజవంశాల చరిత్రను వ్రాసేవారు కన్ఫ్యూషియస్ సిద్ధాంతాన్ని సాధారణంగా సింహాసనానికి ఆనించిన ఊతకర్రగా చిత్రిస్తారు. పితృభక్తి, రాజభక్తి, కర్మకాండ, ఉద్యోగ పరీక్షలు – వీటి సాయంతో ఏలికలు ప్రజలను అదుపులో ఉంచుకున్నారన్నది ఆ చిత్రణ సారాంశం. అందులో సత్యం లేకపోలేదు. అయితే రాజుకు దైవానుజ్ఞను సమకూర్చిన ఆ సిద్ధాంతమే రాజు బొక్కసం లెక్కలను నిండు కొలువులో నిలదీసిన సందర్భం కూడా ఉంది. హాన్ వంశకాలం నాటి ఆ సందర్భాన్ని భద్రపరచిన గ్రంథం 'యెన్ తియె లున్', అనగా ఉప్పు, ఇనుములను గురించిన చర్చ. ఆర్థిక చరిత్రకారులు దీనిని గణాంకాల కోసం గాలించినంతగా సాహిత్య విమర్శకులు దీనిని సంభాషణగా చదివి పరిశీలించినట్లు కనబడదు.

ఈ చర్చకు పూర్వరంగం వూ చక్రవర్తి పాలనలో (క్రీ.పూ. 141–87) ఉంది. కన్ఫ్యూషియన్ల పంచగ్రంథాలకు ఆచార్య పీఠాలు ఏర్పడినది ఆయన కాలంలోనే, క్రీ.పూ. 136లో. క్రీ.పూ. 124లో 50 మంది విద్యార్థులతో రాజ విద్యాపీఠం వెలసినదీ ఆయన కాలంలోనే. ఉత్తరాది షియోంగ్నూ తెగలతో దీర్ఘకాల యుద్ధాలు సాగించి ఖజానాను ఖాళీ చేసినవాడు కూడా ఆయనే. ఆ లోటు పూడ్చడానికి క్రీ.పూ. 117 ప్రాంతంలో ఉప్పు, ఇనుము పరిశ్రమలను ప్రభుత్వం తన గుత్తాధికారంలోకి తీసుకుంది. తరువాత సరకుల రవాణా, ధరల నియంత్రణ, చివరకు క్రీ.పూ. 98లో మద్యం అమ్మకం కూడా అదే బాట పట్టాయి. ఈ ఏర్పాట్లకు ముఖ్య సూత్రధారి సాంగ్ హోంగ్‌యాంగ్. లోయాంగ్ నగర వర్తకుని కుమారుడు. నోటిలెక్కల్లో దిట్టయై, పదమూడవ ఏటనే రాజప్రాసాదంలో కొలువుకు కుదిరినవాడు. కన్ఫ్యూషియన్ విద్యకు పీఠం వేసిన ప్రభువే రాజ్యం ఆదాయాన్ని మాత్రం ఆ విద్యతో పనిలేని వ్యక్తి చేతిలో పెట్టాడు. హాన్ రాజనీతిలోని ఈ రెండు ముఖాలు ఎదురెదురుగా కూర్చున్నది క్రీ.పూ. 81లో.

అప్పటికి వూ చక్రవర్తి గతించాడు. సింహాసనంపై బాలుడైన జావ్ చక్రవర్తి ఉండగా, అధికారం రాజసంరక్షకుడైన హువో గువాంగ్ చేతిలో ఉంది. దేశం నలుమూలల నుండి అరవై మందికి పైగా పండితులను రాజధానికి పిలిపించి, ప్రజల కష్టాలేమిటని అడిగారు. ఉప్పు, ఇనుము, మద్యం గుత్తలను, రవాణా వ్యవస్థను రద్దు చేయమని వారు బదులు చెప్పారు. సాంగ్ బలాన్ని తగ్గించడానికి హువో గువాంగ్ ఈ సభను సాధనంగా వాడుకున్నాడని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. కావచ్చు. పిలిచినవారి ఉద్దేశం ఏదైనప్పటికీ, వచ్చినవారు చెప్పిన మాటలకు విలువ తగ్గదు.

గ్రంథకర్త హువాన్ కువాన్ సభ జరిగిన కొన్ని దశాబ్దాల తరువాత, షువాన్ చక్రవర్తి కాలంలో, దీనిని 60 అధ్యాయాలుగా కూర్చాడు. కాబట్టి ఇది సభలో వ్రాసుకున్న కార్యవాహిక కాదు. పండితులపై ఆయనకున్న పక్షపాతం దాగేది కాదు. ఆధునిక చైనా పండితుడు గువో మొరువో దీనిని సంభాషణరూప చారిత్రక కల్పనగా పరిగణించడంలో ఔచిత్యం ఉంది. అయితే కల్పనాశక్తి గల రచయిత ప్రతిపక్షికి బలహీనమైన మాటలు ఇవ్వడం తేలిక. హువాన్ కువాన్ ఆ పని చేయలేదు. ఈ గ్రంథం గొప్పతనం ముందుగా అక్కడ ఉంది.

సాంగ్ వాదం అర్థశాస్త్రంలో లవణాధ్యక్షుని విధులు చదివిన భారతీయ పాఠకునికి కొత్తగా తోచదు. గనులు, ఉప్పుమళ్ళు వదిలివేస్తే అవి పేదలకు దక్కవనీ, వేయిమందికి పైగా కూలీలను పోగుచేసుకోగల పెద్ద కుటుంబాల పాలవుతాయనీ ఆయన అంటాడు. ఉప్పు, రాగి సంపదతో బలిసి క్రీ.పూ. 154లో తిరుగుబాటు లేవదీసిన వూ సామంతరాజును గుర్తుచేస్తాడు. సరిహద్దు కోటల్లో చలికి వణికే సైనికునికి జీతం ఎక్కడి నుండి వస్తుందని అడుగుతాడు. వాదన వేడెక్కినప్పుడు పండితుల చిరిగిన దుస్తులను, ఖాళీ గాదెలను ఎత్తిచూపి, సొంత ఇల్లు నడుపుకోలేనివారు రాజ్యం నడుపుతారా అని ఎద్దేవా చేస్తాడు.

పండితుల సమాధానాలన్నీ ఒకే స్థాయిలో లేవు. షియోంగ్నూల విషయంలో వారు చెప్పినది బహు బలహీనం: రాజు ధర్మం పెంచుకుంటే దూరపు ప్రజలు తామే వచ్చి లొంగుతారట! సరిహద్దులో ఒక్క రాత్రి కాపలా కాసినవాడెవ్వడూ ఆ మాట అనడు. పూర్వరాజుల స్వర్ణయుగాన్ని వారు పదేపదే స్మరించడం కూడా విసుగు కలిగిస్తుంది.

కాని నేల మీదికి దిగినప్పుడు వారి మాట మారిపోతుంది. 36వ అధ్యాయంలో ఇనుప పనిముట్లను గురించి వారు చెప్పినది ఈ గ్రంథానికి ఆయువుపట్టు. పూర్వం తండ్రీ కొడుకులు కలిసి కొలిమి నడిపేవారు. సరకు బాగుండాలన్న పట్టుదల వారికి ఉండేది. సేద్యం పనులు ముమ్మరంగా ఉన్నప్పుడు పనిముట్లను పొలాలకే తెచ్చి అమ్మేవారు. ధాన్యానికి మారకంగానో, పాతదానికి బదులుగానో, అరువుగానో ఇచ్చేవారు. ఇప్పుడు ప్రభుత్వ కొలిముల్లో శిక్షపడిన ఖైదీలు పని చేస్తున్నారు. పై నుండి వచ్చిన లెక్క పూర్తయితే చాలు. పనిముట్లు పెద్దవిగా, రైతు అవసరానికి ఒదగనివిగా వస్తున్నాయి. మొద్దుబారిన కొడవలికి గడ్డి తెగదు. దూరం నుండి రైతు వస్తే అధికారి కొలువులో ఉండడు. ధర ఎక్కువై, పేదలు కొయ్యనాగళ్ళతో దున్ని, చేతులతో కలుపు తీసి, ఉప్పు లేని తిండి తింటున్నారు. ఇందులో పురాణకాలపు ఆదర్శం ఒక్కటీ లేదు. కన్ఫ్యూషియన్ విద్య చదివినవాడు పల్లెను చూసి వచ్చి, చూసినది ఉన్నతాధికారి ముఖాన చెప్పాడు. రాజు తప్పును ఎత్తిచూపడం మంత్రి విధి అన్న వారి సిద్ధాంతానికి ఇక్కడ రక్తమాంసాలు వచ్చాయి.

రచయిత నేర్పు చిన్న చిన్న సూచనల్లో కూడా కనబడుతుంది. అమాత్యుని ముఖం ఎర్రబడినట్లు, నిట్టూర్చినట్లు, మాటాడక ఊరుకున్నట్లు ఆయన అక్కడక్కడ నమోదు చేస్తాడు. చర్చ జరిగిన మరుసటి సంవత్సరమే, క్రీ.పూ. 80లో, కుట్ర ఆరోపణపై సాంగ్ మరణదండనకు గురయ్యాడు. రాజద్రోహిగా మరణించినవాని గురించి వ్రాస్తూ కూడా, చివరి అధ్యాయంలో హువాన్ కువాన్ అతని విస్తృత జ్ఞానాన్ని, ఉద్దండ పండితులను సైతం తబ్బిబ్బు చేయగల వాదపటిమను అంగీకరిస్తాడు. ఆయన క్షమించనిది మరొకరిని. పదవుల్లో పెద్దవాడై, సభామధ్యంలో కూర్చుని, సంచి మూతి బిగించినట్లు నోరు మూసుకుని, పదవి కాపాడుకుని నిష్క్రమించిన ప్రధానమంత్రిని! ప్రతిపక్షికి గౌరవం, మౌనికి తిరస్కారం – ఈ తీర్పులో ఉన్న న్యాయదృష్టి అనేక ఆస్థాన చరిత్రల్లో అరుదు.

సభ ఫలితం స్వల్పం. మద్యం గుత్త, రాజధాని ప్రాంతపు ఇనుము కార్యాలయాలు మాత్రం రద్దయ్యాయి. షువాన్ చక్రవర్తి తన కుమారుడు కన్ఫ్యూషియన్లకే పాలన అప్పగించమని కోరగా, హాన్ వంశానిది ధర్మాన్నీ దండాన్నీ కలిపిన పద్ధతి అని మందలించినట్లు వంశచరిత్ర చెబుతుంది. ఆ కుమారుడే యువాన్ చక్రవర్తియై క్రీ.పూ. 44లో ఉప్పు, ఇనుము గుత్తలను రద్దు చేశాడు; రాబడి చాలక క్రీ.పూ. 41లో తిరిగి ప్రవేశపెట్టాడు. సాంగ్ లేవనెత్తిన జీతాల ప్రశ్నకు పండితుల అభిమాన ప్రభువు వద్ద కూడా జవాబు దొరకలేదు.

1974లో చైనాలో కన్ఫ్యూషియస్ వ్యతిరేక ఉద్యమం సాగినప్పుడు ఈ గ్రంథాన్ని మళ్ళీ బయటికి తీశారు. సాంగ్‌ను ప్రగతిశీల శాసనవాదిగా, పండితులను అభివృద్ధి నిరోధకులుగా నిలబెట్టారు. హువాన్ కువాన్ కష్టపడి ఇరుపక్షాలకూ దక్కించిన న్యాయాన్ని ఆ పఠనం ఏకపక్షం చేసివేసింది. ఆంగ్లంలోకి దీనిని 1931లో తెచ్చిన ఎస్సన్ గేల్ చైనా ఉప్పు పన్నుల శాఖలోనే ఉద్యోగం చేసినవాడు కావడం విశేషం. ఆయన మొదట 19 అధ్యాయాలను, తరువాత ఇతరులతో కలిసి 28వ అధ్యాయం వరకు అనువదించాడు. దానిపైనే ఆధారపడే పాఠకునికి కొయ్యనాగళ్ళ ప్రసంగం గాని, ప్రధానమంత్రి మౌనంపై తీర్పు గాని అందవు.