ఆలస్యంగా వచ్చిన నీలం

రైల్వే వర్క్‌షాపు పనికొచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడే ఉన్నాయి. అక్కడా, ఆ పక్కనే సాలువాలోనూ బయోకెమిస్ట్రీ చదివే పిల్లలుంటే వాళ్ళ ప్రాక్టికల్స్‌లో ఎక్కడో ఒకచోట ‘ఫిస్కే-సుబ్బారో పద్ధతి’ ఎదురయ్యే ఉంటుంది. ఆ సుబ్బారో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి అది; ఫాస్ఫేట్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి తేలుస్తుంది. ఆయన పేరెత్తగానే అందరూ మందుల సంగతి చెబుతారు. నాకు మాత్రం ఈ నీలిరంగు మీదే మోజు.

పరీక్షించాల్సిన రక్తంలోనో కండరపు సారంలోనో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం పోస్తే పాలు విరిగినట్టు ప్రోటీన్లు విరిగిపోతాయి. వడకడితే తేట మిగులుతుంది. అందులో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పాటు మాలిబ్డేట్ కలిపితే, ఫాస్ఫేట్ దానితో జట్టుకట్టి లేత పసుపు సమ్మేళనమవుతుంది. కొద్దిపాటి ఫాస్ఫేట్ అయితే ఆ పసుపు కంటికి ఆనదు. క్షయకరణి చేరితే అదే చిక్కటి నీలం.

చిక్కంతా ఇక్కడే. ఫాస్ఫేట్‌తో కలవకుండా మిగిలిన మాలిబ్డేట్ కూడా నీలమైపోతే లెక్క గల్లంతు. ఆమ్లం తగ్గితే జరిగేది అదే. మరీ ఎక్కువైతే రంగు తేలదు. అంతకుముందు క్షయకరణిగా వాడే హైడ్రోక్వినోన్ బదులు ఫిస్కే, సుబ్బారావు అమినోనాఫ్తాల్‌సల్ఫోనిక్ ఆమ్లం తెచ్చారు. రంగు చప్పున వచ్చింది, ఇతర లవణాల బెడదా తగ్గింది.

కొలవడానికి ఆ రోజుల్లో ఉన్నది డుబాస్క్ కలరిమీటర్. రెండు గాజు కప్పులు, వాటిలోకి దిగే రెండు గాజు కడ్డీలు, కింద వెలుతురు కోసం అద్దం. ఒక కప్పులో గాఢత తెలిసిన ద్రావణం, రెండో దానిలో పరీక్షించాల్సినది. పైనుంచి చూస్తే గుండ్రటి వెలుగు రెండు సగాలుగా కనిపిస్తుంది. రెండూ ఒకే ఛాయకొచ్చి మధ్య గీత మాయమయ్యేదాకా మర తిప్పాలి. తెలిసిన ద్రావణం లోతు 20 మిల్లీమీటర్లు, రెండోది 16 దగ్గర సరిపోయిందనుకోండి, దాని గాఢత 20/16, అంటే 1.25 రెట్లు. ఇప్పటి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో నీలం పీల్చుకునే ఎర్ర కాంతిని, సాధారణంగా 660 నానోమీటర్ల దగ్గర, పంపి చూస్తాం. పదో వంతు కాంతి దాటితే శోషణ 1, నూరో వంతే దాటితే 2. కంటికి శ్రమ లేదు, అంతే తేడా.

ఈ పద్ధతిని కండరపు తేట మీద ప్రయోగిస్తే ఒక వింత కనబడింది. ప్రామాణిక ద్రావణం చప్పున నీలమైంది, కండరపు తేట మాత్రం నింపాదిగా రంగెక్కింది. పద్ధతిలో లోపమని సరిపెట్టుకుని, రంగు పూర్తిగా వచ్చాక చూసిన అంకె రాసుకుంటే అడిగేవాళ్ళుండరు. వీళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఆమ్లంలో మాలిబ్డేట్ తగలగానే మెల్లగా విడిపోయి ఫాస్ఫేట్‌ను వదిలే సమ్మేళనమేదో అందులో ఉండాలి. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు అదే ఏడు విడిగా ఆ జాడే పట్టారు. అప్పటిదాకా కండరంలో అకర్బన ఫాస్ఫేట్‌గా లెక్కేసుకున్నదాంట్లో చాలా భాగం నిజానికి ఇదే. కండరం పనిచేస్తే ఇది తరిగిపోతుందనీ, విశ్రాంతినిస్తే మళ్ళీ పుంజుకుంటుందనీ కూడా ఫిస్కే, సుబ్బారావు ఆ నీలంతోనే కొలిచి చూపారు.