మెడ నొప్పికి వేలి సాక్ష్యం

మెడ నొప్పితో వచ్చినవాళ్ళని మంచి డాక్టరు చూడటం గుమ్మం దగ్గరే మొదలవుతుంది. పక్కనుంచి పిలిస్తే తల తిప్పుతున్నారా, భుజాలతో సహా ఒళ్ళంతా తిప్పుతున్నారా? అక్కడే కొంత సంగతి తెలిసిపోతుంది. ఆ తర్వాత అడిగే ప్రశ్నల్లో నాకు బాగా నచ్చేది ఇది: "ఏ వేలు తిమ్మిరెక్కుతోంది?"

నొప్పి మెడలో అయితే వేలి గొడవెందుకంటారా? మెడలో ఎముకలు 7, అక్కణ్ణుంచి బయటికొచ్చే నరాలు 8 జతలు. బొటనవేలు తిమ్మిరైతే ఆరో నరం మీద అనుమానం, మధ్యవేలైతే ఏడోది, చిటికెనవేలైతే ఎనిమిదోది. ఎక్కువగా నలిగేది ఏడోదే. మోచేయి వెనక రబ్బరు సుత్తితో తట్టినప్పుడు చెయ్యి ఎగరాల్సినంత ఎగరకపోతే ఆ అనుమానం గట్టిపడుతుంది. తర్వాత తలని నొప్పి ఉన్న వైపు వంచి, పైనుంచి మెల్లగా అదుముతారు. నొప్పి జివ్వున చేతిలోకి పాకిందా, నరం నొక్కుకుందన్నమాటే. స్పర్లింగ్ అనే అమెరికన్ న్యూరోసర్జన్ 1944లో వివరించిన పరీక్ష ఇది. దెబ్బ తగిలి వచ్చినవాళ్ళకి మాత్రం చెయ్యరు. ఇంట్లో ఎవరి మీదా ప్రయత్నించకండి. కొందరైతే చెయ్యి నెత్తిన పెట్టుకునే లోపలికొస్తారు. అలా పెడితే నరం మీద లాగుడు తగ్గి హాయిగా ఉంటుంది. కనిపెట్టే కన్నుంటే అదీ లక్షణమే.

అసలు పనితనం మెడని అనవసరంగా అనుమానించకపోవడంలో ఉంది. రాత్రి తిమ్మిరితో మెలకువొచ్చి, చెయ్యి విదిలిస్తే తగ్గుతోందంటే నరం మణికట్టు దగ్గర నొక్కుకుని ఉండొచ్చు. మెట్లెక్కితే నొప్పి పెరిగి భుజానికీ దవడకీ పాకుతోందంటే ముందు ఈసీజీ తియ్యాలి. గుండీలు పెట్టుకోవడం కష్టమై, నడక తూలుతోందంటే వెన్నుపామే నలుగుతోందేమో! చిత్రమేమిటంటే వీళ్ళలో కొందరికి మెడ నొప్పే ఉండదు. అప్పుడు డాక్టరు మధ్యవేలి గోరు చిటుక్కున మీటి బొటనవేలిని గమనిస్తారు. అది దానంతటదే లోపలికి ముడుచుకుంటే ఎమ్మారై వాయిదా వెయ్యకూడదు.

ఇవేవీ లేనివాళ్ళే ఎక్కువ. ఫోనులోకో కుట్టుమిషను మీదికో గంటలకొద్దీ వంగి, సుమారు 5 కిలోల తలని మోసీ మోసీ పట్టేసిన కండరాలు వాళ్ళవి. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. స్కానులో డిస్కు అరిగిందని రాసినా బెంగపడక్కర్లేదు, నడివయసు దాటాక నొప్పి లేనివాళ్ళ స్కానుల్లోనూ అలాంటివి మామూలే. ఈ మాట ఓపిగ్గా చెప్పి, మెడకి పట్టీ కట్టకుండా కదిలించడం నేర్పి పంపే డాక్టరంటే నాకు మహా గౌరవం.

మీ రిపోర్టు ఒక్కటే చూసి మందులు రాసేస్తుంటే, "ఒకసారి చేతులూ నడకా కూడా చూడండి డాక్టరుగారూ" అని అడగండి. జ్వరం, బరువు తగ్గడం, చేతుల్లో పట్టు సడలడం, మూత్రం ఇబ్బంది తోడైతే మాత్రం ఆ రోజే వెళ్ళండి.