కొమ్మ వంచిన చెయ్యి

సాలభంజిక అనగానే మనకు విక్రమార్కుడి సింహాసనమే గుర్తొస్తుంది. ఎక్కబోయిన భోజరాజును ఆపి, తలా ఒక కథ చెప్పిన 32 బొమ్మలు. కొరవి గోపరాజు 15వ శతాబ్దంలో ఆ కథల్ని తెలుగు చేశాడు. అయితే ఈ మాట పుట్టింది సింహాసనం దగ్గర కాదు, చెట్టు కింద. సాలం అంటే గుగ్గిలం చెట్టు, భంజించడమంటే విరవడం. పూసిన కొమ్మలు విరుస్తూ తూర్పు దేశాల వాళ్లు ఆడుకునే ఆటకు అది పేరని పాణిని సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి చెబుతుంది. ఆట పేరే ఆ కొమ్మ పట్టిన అమ్మాయికీ, ఆమె శిల్పానికీ వచ్చింది.

సాంచి తూర్పు తోరణం దగ్గర ఆ అమ్మాయిని చూడాలి. రెండు వేల ఏళ్ల నాటి యక్షి. స్తంభానికీ అడ్డదూలానికీ మధ్య మూలలో, ఒళ్లంతా బయటికి వాల్చి, చేతులు కొమ్మల్లోకి పోనిచ్చి వేలాడుతోంది. పట్టుకున్నది మాత్రం మామిడి చెట్టు! పేరులోని సాలం అప్పటికే జారిపోయిందన్నమాట. ఆ వాలులోనే ఉంది పనితనం. మూలలో ఏటవాలుగా ఒక రాయి కావాలి, కొమ్మ అందుకునే మనిషి ఒళ్లు ఎలాగూ ఏటవాలే. శిల్పి అలంకారాన్ని తెచ్చి అతికించలేదు, కట్టడానికి కావలసిన గీతను మనిషిలో కనిపెట్టాడు.

12వ శతాబ్దపు బేలూరులో ఆ చెట్టు ఆకుల గొడుగై తలమీద మిగిలింది. ఆకు ఆకునా ఉలి నేర్పు కనిపిస్తుంది, నిజమే. కానీ కన్ను అక్కడే చిక్కుకుపోతుంది.

నా ఓటు పాలంపేట రామప్ప గుడికి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడిలో ఇలాంటి అమ్మాయిలు పన్నెండు మంది ఉన్నారు. గోడలు ఎర్రటి ఇసుకరాయి, వీళ్లు నిగనిగలాడే నల్లరాయి. స్తంభం మీంచి చూరు దాకా సన్నగా, పొడుగ్గా సాగారు. ఒకామె ఒంటిని పాములు చుట్టుకున్నాయి. ఒకామె చీర కోతి లాగుతోంది. ఇంకొకామెకు ఎత్తు మడమల పాదరక్షలు. గైడ్లు ముందు చూపించేది ఆమెనే. వాళ్లు వెళ్లాక పక్కకు జరిగి చూడండి. ఎదురుగా నిలబడితే నగలే కనిపిస్తాయి, వాలు తెలిసేది పక్కనుంచే. ఇక్కడ వీళ్లను మదనికలు అంటారు. చేతిలో కొమ్మ లేకపోయినా నిలుచున్న తీరు మాత్రం సాలభంజికదే.