చంకన సాగే చికిత్స

కడుపులో గానీ, కాన్పులో గానీ, పసితనంలో గానీ ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలపై, శరీర భంగిమపై అదుపు కుదరని స్థితిని సెరిబ్రల్ పాల్సీ, అనగా మస్తిష్క పక్షవాతం అంటారు. ఆ దెబ్బ మానకపోయినా, తొలి 2 ఏళ్లలో మెదడుకు కొత్త దారులు వేసుకునే శక్తి మెండు గనుక ఫిజియోథెరపిస్టు పని అప్పుడే మొదలుకావాలి. కండరాల బిగువును చేతి స్పర్శతోనే పసిగట్టి, అవయవాన్ని బలవంతంగా లాగకుండా, బొమ్మను కాస్త దూరం జరిపి బిడ్డ తానే చేయి చాచేలా చేయడంలో ఆ వృత్తి నేర్పు కనిపిస్తుంది. కత్తెరలా పెనవేసుకునే కాళ్లు ఎడంగా ఉండేందుకు, అవి చెరోవైపు వచ్చేలా బిడ్డను చంకనెత్తుకొమ్మని తల్లికి చూపినప్పుడు తెలుగింటి పాత అలవాటే చికిత్సగా మారుతుంది. స్నానం, తిండి, ఆట అన్నీ సాధనలైన ఆ ఇంట బిడ్డ మెడ నిలిపిన ఒక్క క్షణం, తల్లి, ఫిజియోథెరపిస్టు ఇద్దరి నెలల ఓర్పుకు దక్కిన ఫలం.