సభాసదుల యుపేక్ష

సభాపర్వమునందలి ద్యూతఘట్టమును కరుణరౌద్రరసములకు లక్ష్యముగాఁ జూపుట విమర్శకులకుఁ బరిపాటి. రసదృష్టితో నది యుక్తమే. కాని ద్రౌపది సభ కిడినది విలాపము మాత్రమే కాదు, ప్రశ్నము. తన్నుఁ దా నోడిన పిమ్మట ధర్మరాజునకు భార్యను బణముగా నొడ్డు నధికార మున్నదా లేదా యన్నదియే యామె యడిగిన విషయము. అది నిర్ణయము గోరు వ్యవహారము. సభ నిర్ణయ మొసఁగలేదు. ఆ యొసఁగకుండుటయే ఘట్టమునకుఁ బ్రాణము. వస్త్రాపహరణము దాని ఫలము.

భీష్ముఁడు ధర్మము సూక్ష్మమని చెప్పి తప్పుకొనెను. ద్రోణకృపులు పలుకరైరి. దుర్యోధనుని తమ్ముఁడగు వికర్ణుఁ డొక్కఁడు లేచి, ద్రౌపది గెలువఁబడినది కాదని కారణములతోఁ జెప్పెను. అపుడు సభలోఁ బెద్దకలకలము పుట్టినదనియు, సభ్యులు వికర్ణునిఁ బొగడి శకునిని నిందించిరనియు వ్యాసుఁడు చెప్పెను. ఈ చిన్నమాటను వ్యాఖ్యాతలు తఱచుగా దాఁటిపోవుదురు. సభ్యులు అభిప్రాయము లేనివారు గారు. వారి యభిప్రాయము గుంపులో ధ్వనిగా నుండెనేకాని యొక్కని నోటను వాక్యము కాలేదు. కలకల మడఁగినంతనే కర్ణుఁడు చేసిన యూహ మిక్కిలి గమనింపఁదగినది: ద్రౌపది యెంత యడిగినను వీరు పలుకుటలేదు గావున, ఆమె ధర్మముగనే గెలువఁబడినదని వీరి తలంపు. పలుకనివారి నందఱను గర్ణుఁడు తన పక్షపు లెక్కలో వేసికొనెను. వారిలో నొక్కఁడైనను కాదనలేదు.

విదురుఁడు ప్రహ్లాదుని కథ నిందులకే చెప్పెను. ప్రహ్లాదుని కొడుకు విరోచనునకును, అంగిరసుని కుమారుఁడు సుధన్వునకును నెవ్వఁ డధికుఁడని ప్రాణములు పణముగా వివాదము. తీర్పరి తండ్రియే. ప్రహ్లాదుఁడు కశ్యపు నడుగఁగా, కామముచేతనో క్రోధముచేతనో భయముచేతనో యెఱిఁగియుఁ జెప్పనివాఁడు వరుణపాశములఁ గట్టువడునని యాతఁ డుత్తరమిచ్చెను. మఱియు, నింద్యమును నిందింపని సభలోఁ బాపమున సగము సభాపతికిని, పాదము కర్తకును, పాదము సభ్యులకును జెందునట. కర్తతో సరిపాలు సభ్యులకు వచ్చుట చూడఁదగినది. ప్రహ్లాదుఁడు కొడుకునకుఁ బ్రతికూలముగాఁ దీర్పుచెప్పెను. పక్షపాతము, ఉపేక్ష యను రెండుదోషముల నొక్క కథతోనే విదురుఁడు చూపినాఁడు. ఐనను రాజులు పలుకలేదు.

పక్షమనఁగా ఱెక్క, ప్రక్క. అది కలిగియుండుట దోషము గాదు; దానిమీఁదఁ బడిపోవుట, అనఁగాఁ బాతము, దోషము. వికర్ణుఁడు పక్షమును విడువలేదు. యుద్ధమున నన్నగారి వైపుననే పోరి భీమునిచేతఁ జచ్చెను, భీముఁ డందులకు వగచెను. సభలో మాత్ర మాతనికిఁ బక్షమున్నది, పాతము లేదు. నేఁటి శాసనసభలలో నట్టివాని కిక్కట్టు గలదు. 1985లో 52వ రాజ్యాంగసవరణముచేఁ జేరిన పదవ షెడ్యూలు ననుసరించి, పార్టీ యాజ్ఞను మీఱి వోటు వేసినవాఁడును, వోటు మానినవాఁడును సభ్యత్వమును గోల్పోవుటకుఁ బాత్రుఁడు. ఫిరాయింపుల నరికట్టుటకుఁ జేసిన యేర్పాటు వికర్ణునకును సంకెలయైనది.

ఉద్యోగపర్వమునఁ గృష్ణుఁడు కౌరవసభలో నీ ధర్మమునే మరల నెత్తును. అచట వ్యాసుని పదము 'ప్రేక్షమాణానామ్'. తిక్కన పదము 'ఉపేక్ష'. రెంటికిని ధాతు వొక్కటే, ఉపసర్గలు వేఱు. వ్యాసుని షష్ఠి సామాన్యమైనది కాదు. ఒకనిని లెక్కచేయక వేఱొకపని జరుగునపుడు, ఆ లెక్కచేయఁబడనివానికి షష్ఠి వచ్చునని పాణిని (2-3-38) విధించెను. కావున సభ్యులు చూచుచుండఁగా, వారిని లక్ష్యపెట్టక, యధర్మము ధర్మమును జంపునని యర్థము. తిక్కన యనాదరమును మఱియొకవైపునుండి చూచెను: సభ్యులే ధర్మమును లక్ష్యపెట్టలేదు. మూలమున వారనాదృతులు, తెనుఁగున ననాదరకర్తలు. ఇది మూలమునుండి తొలఁగుట గాదు. లక్ష్యపెట్టనివారిని లక్ష్యపెట్టవలసిన పని యధర్మమునకు లేదు. వ్యాసుఁడు చెప్పిన కార్యమునకుఁ దిక్కన కారణమును జెప్పెను.

రాజసభాధర్మము ప్రజాస్వామ్యమున కెట్లు వర్తించునని యాక్షేపింపవచ్చును. 1992లో నామోదింపఁబడి 1993 ఏప్రిల్ 24న నమలులోనికి వచ్చిన 73వ సవరణము గ్రామసభకు నిర్వచనము చేసినది: గ్రామపు వోటర్ల జాబితాలో నమోదైనవారందఱును గ్రామసభయే. ఎన్నుకొనఁబడినవారు మాత్రమే సభాసదులనుట యందు చెల్లదు. పేరు జాబితాలో నుండి యింటఁ గూర్చున్నవాఁడును సభాసదుఁడే. ఆంధ్ర తెలంగాణములలో గ్రామపంచాయతి యెన్నికలు పార్టీగుర్తులు లేకయే జరుగును. ఐనను గుర్తు లేని పక్షము లూరూరను గలవు. సభకు రానివారి మౌనమును వచ్చినవారు తమ లెక్కలో వేసికొనుటకుఁ గర్ణుని తర్కమే చాలును.

ఇచటఁ దిక్కన చేర్చిన మఱియొక పదము ముఖ్యము. మూలమున సభాసదులందఱు నని యున్నచోట నాతఁడు 'దక్షు' లనెను. కొందఱి కిది సడలింపుగాఁ దోఁపవచ్చును, దక్షుఁడను గానని యెవ్వఁడైనఁ దప్పించుకొనవచ్చునుగదా. కాని కూలి మాని సభకు వచ్చినచో నాఁటి కూడు లేనివానిని, సభ యెప్పుడో తెలియనీయఁబడనివానిని భీష్మునితో సమముగా నిందించుట న్యాయము గాదు. తిక్కన యీ తారతమ్యము నెఱిఁగినవాఁడు. దోషము శక్తిని బట్టి పెరుగును. భీష్మద్రోణుల కది ముందుగాఁ జెందును.

ఐనను దక్షత యెవరిదో ముందుగాఁ దేల్చుట కష్టము. ఒడిశాలోని నియమగిరి కొండలలో బాక్సైటు త్రవ్వకమును గూర్చి గ్రామసభల నడుగవలెనని 2013 ఏప్రిల్ 18న సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ యేఁటనే పండ్రెండు పల్లెలలో సభలు గూడెను. డోంగ్రియా కోందులు మొదలగు కొండవారు, రాజసభ యెఱుఁగనివారు, అక్కడ నొక్కొక్కరుగా లేచి కారణములతో మాటాడిరి. పండ్రెండు సభలును వలదనియే చెప్పెను.