భైంసా సీమ చరిత్ర: రెండు ప్రమాదములు

ఒక సీమ చరిత్రమును వ్రాయబూనువారు మొట్టమొదట దాని యెల్లలను, అవి యే సంవత్సరమునాటివో నిర్ణయించుకొనవలయును. ఈ సూత్రము నుపేక్షించుటచే భైంసా సీమకు గలిగిన యన్యాయము చిన్నది కాదు.

ఈ సీమ 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీనుండి నిర్మల జిల్లాలోనిది. అంతకుముందు ఆదిలాబాదు జిల్లాలోనిది. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము హైదరాబాదు రాష్ట్రములో నాందేడు జిల్లాయందలి ముధోలు తాలూకాకు జేరినది. రాష్ట్ర పునర్విభజన శాసనము ఆ తాలూకాలో ముధోలు, భైంసా, కుభీరు అను మూడు సర్కిళ్ళను మాత్రము ఆంధ్రప్రదేశమునకు జేర్చి, తక్కిన భాగమును బొంబాయి రాష్ట్రమునకు విడిచినది. ఆ దినముననే ఆదిలాబాదునుండి కినువట, రాజూరా తాలూకాలును, బోథు తాలూకాలోని ఇస్లాపూరు సర్కిలును బొంబాయికి జేరినవి.

కావున 1956కు ముందటి ఆదిలాబాదు వేఱు, తరువాతి ఆదిలాబాదు వేఱు. పేరొక్కటియగుటచే దేశ మొక్కటియని భ్రమించుట మొదటి ప్రమాదము. హైమెండార్ఫు పండితుడు ఆదిలాబాదు రాజగోండులనుగూర్చి వ్రాసిన గ్రంథము 1948లో ప్రకటితమైనది. నాటి ఆదిలాబాదులో భైంసా లేదు. ఆ గ్రంథమందలి యడవులను, గోండు గూడెములను భైంసా సీమకు సైత మన్వయించినచో దోషము గ్రంథకర్తది గాదు, చదువరిది. అట్లే 1951, 1961 సంవత్సరముల జనాభా లెక్కలను ఎల్లల మార్పునకు దగినట్లు సవరింపక పోల్చినచో వచ్చు ఫలితము జనులనుగూర్చి కాక సరిహద్దునుగూర్చి చెప్పునదియగును. కర్ణాటదేశములోని ముధోలు సంస్థానమును ఈ ముధోలుగా భావించుటయు ఈ జాతి ప్రమాదమే.

సీమ స్వభావమును జూచినను ఈ విషయమే స్పష్టమగును. ఇది రేగడినేల, ప్రత్తి, జొన్న ఇందలి ప్రాతపంటలు. భైంసా ప్రత్తి వర్తకమునకు బేరుగన్నది. నాందేడుమీదుగా వచ్చు గోదావరియే బాసర క్షేత్రమును దాకి దిగువకు సాగును. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును ఇచటి జనుల వ్యవహారమున నున్నవి. సర్కిళ్ళను వేఱుచేసిన శాసనము ఈ మూటిలో దేనిని మార్పలేదు. కచ్చేరిని మాత్రము మార్చినది.

రెండవ ప్రమాదము నిరుక్తమునకు సంబంధించినది. వ్యాసుడు వసించుటచే 'వ్యాసర' యైన యూరు 'వాసర'యై, మరాఠీ ప్రభావముచే 'బాసర' యైనదని లోకమున వాడుక. స్థలకథను భక్తులు నమ్ముట వేఱు, దానిని భాషాచరిత్రకు బ్రమాణముగా గొనుట వేఱు. మరాఠీయందు పదాది వకారము సామాన్యముగా నిలుచును. హిందీలో 'బీస్', 'బాఘ్' అనుచోట మరాఠీలో 'వీస్', 'వాఘ్' అందురు. కాబట్టి బకారమునకు మరాఠీని గారణముగా జెప్పుట పొసగదు. వకారము బకారమగుట కన్నడమున బ్రసిద్ధము: 'వసతి' 'బసది' యైనది, 'వెన్న'కు సాటి 'బెణ్ణె'. ఈ దేశమును రాష్ట్రకూటులును, కల్యాణి చాళుక్యులును ఏలిరి. వారి శాసనములలో గన్నడమునకు విశేషస్థానము కలదు. ఇంతమాత్రముచే బాసర కన్నడపదమని సిద్ధాంతము చేయరాదు. కాని పరిశోధకుడు పోవలసిన త్రోవలలో నిది యొకటి. కాలనిర్ణయముగల శాసనములయందలి రూపములే తుదకు బ్రమాణము.

ఈ రెండు ప్రమాదములకును మూలమొక్కటియే: నేటి పటమును, నేటి భాషాహద్దులను నిన్నటి కాలముపై నారోపించుట. ఆదిలాబాదు చరిత్రకారులు అడవులను, గోండు రాజులను వర్ణించి, భైంసాకడకు వచ్చునప్పటికి పరాయినేలగా దలచి దాటిపోవుదురు. నాందేడు చరిత్రకారులకు 1956 తరువాత నది తమది కాదు. ఇట్లు రెండిండ్ల చుట్టమై యీ సీమ రెండుచోట్లను ఆకలిగొన్నది.

దీని చరిత్ర కావలసినవారు నాందేడు జిల్లా వ్రాతలను వెదకవలెను. నిజాము ప్రభుత్వపు ఉర్దూ కాగితములను, మోడిలిపిలోని మరాఠీ లేఖలను జదువనేర్వవలెను. పాఠశాలలో జిల్లాచరిత్ర చెప్పు పండితులు పటమును జూపునప్పుడు అది యే యేటిదో ముందుగా జెప్పినచో, చరిత్రవిద్యకు మొదటిమెట్టు వేసినవారగుదురు.